అరుగు మీద రాడార్

నరసాపురంలో రేవుకు వెళ్లే వీధిలో రత్నమాణిక్యం ఎవరంటే ఎవరూ చెప్పలేరు. మామ్మ ఎవరంటే కుక్కలు కూడా ఇల్లు చూపిస్తాయి. లేసు అల్లడంలో ఆమె చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే ఆమెకు పని సాగదు. అందుకే మధ్యాహ్నం భోజనాలు కాగానే పక్కింటి పాపాయమ్మ, చేపల బుట్ట ఖాళీ చేసుకొచ్చిన పెద్దింట్లమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆమె అరుగెక్కేవారు. ఒకరు కొత్త పువ్వు మొదలుపెడితే మిగతావాళ్లు చూపుతోనే లాగేసుకునేవారు. అడగడాలు, చెప్పడాలు లేవు. ఏ పువ్వు ఎవరిదో తేల్చాలని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు.

రెండు వేల రెండులో ఎదురింటి హారతి విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. తనతో వెంట్రుక కంటే సన్నని తీగ చుట్ట తెచ్చింది, బంగారు పూతతో.

"మామ్మా, దీంతో గొడుగులా ముడుచుకునే వల కావాలి. విప్పితే ముడత కనపడకూడదు. మిషన్ మీద చేయించే ముందు చేత్తో ఒక ముక్క అల్లి చూడాలి."

"దేనికే?"

"రాడార్‌కి. ఎక్కడో మిసైల్ లేస్తే ఇక్కడ కనిపెట్టడానికి. మనది వెళ్లి దాన్ని గాల్లోనే కొట్టేస్తుంది."

దేశాన్ని తన సూదితో కాపాడబోతున్నానని మామ్మ అప్పుడే రెండంగుళాలు పెరిగింది.

"కానీ ఎవరికీ చూపించకూడదు. డబ్బిచ్చేది మిలటరీవాళ్లు. నమూనా బయటికి పొక్కితే నా ప్రాజెక్టు పోతుంది మామ్మా."

మామ్మ హారతి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. లోపలి గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. చెవులు మాత్రం కిటికీ దగ్గరే ఉంచింది.

రాడార్ మాట చెవిన పడిన పాపాయమ్మ అరుగు మీద గొంతు పెంచింది. రోజూ పేపరు చదివే మనిషి ఆవిడ. "మిసైలుకి అడ్డంగా వీళ్లు డాలు కడితే అవతలివాళ్లు ఊరుకుంటారా? ఒకటి వేసేవాళ్లు నాలుగు వేస్తారు. పేపర్లో ఇదే గొడవ."

"దొంగలొస్తారని నువ్వు తలుపు గడియ పెట్టుకోవా?" అంది మామ్మ లోపలి నుంచి.

"గడియ పెట్టుకున్నది నువ్వు వదినా. నేను వీధిలోనే ఉన్నాను."

పెద్దింట్లమ్మ నెమ్మదిగా అంది. "మిసైలు మన రేవుకి ఎప్పుడొచ్చిందండి? తుఫాను వచ్చింది. తొంభయ్యారులో మా అన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. గాలిని ముందే చూసే రాడార్ అల్లమనండి, నేనూ ఓ చెయ్యి వేస్తాను."

మెట్టు మీద కూర్చున్న హారతి తల దించుకుంది. "ఈ వల దానికీ పనికొస్తుంది అక్కా. దానికోసమే రెండేళ్లు తిరిగాను. వానకీ గాలికీ డబ్బు లేదన్నారు. మిసైల్ అనగానే ఇచ్చారు."

"అంటే చదువు నీది, ఏం చదవాలో చెప్పేది వాళ్లన్నమాట," అంది పాపాయమ్మ.

"జీతం వాళ్లదే కదా అత్తా."

లోపల మామ్మకు తీగ జారుతోంది, ముడి నిలవడం లేదు. ఒంటరిగా కూర్చుంటే ఆవిడకు బుర్ర కూడా పనిచెయ్యదు. చివరికి హారతి ఇంటికి వెళ్లాక గడియ తీసి పాపాయమ్మను పిలిచింది. మిసైళ్లంటే గిట్టని మనిషికి చూపిస్తే అది చూపించినట్టు కాదని ఆమె లెక్క. ఇద్దరూ తిట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ అల్లుతూ ముక్క పూర్తిచేశారు. ముడిచి విప్పితే ఎక్కడా ముడత లేదు.

దాన్ని తీసుకెళ్లడానికి మిలటరీ తరఫున లోకనాథ్ అనే ఆఫీసరు వచ్చాడు. ముక్కను వెలుతురుకి పట్టి చూసి ముచ్చటపడ్డాడు. వచ్చినవాళ్లను కాఫీ లేకుండా పంపే ఇల్లు కాదు కదా. పాలు చాలకపోతే మామ్మ పాపాయమ్మను కేకేసింది. ఆవిడ పాలగిన్నె తెచ్చి ఆఫీసరు ముందే పెట్టింది. గిన్నె మీద తెల్ల నూలుతో అల్లిన మూత, చుట్టూ పూసలు. అల్లిక మాత్రం ఆయన చేతిలో ఉన్నదే.

హారతి ముఖం పాలిపోయింది.

"ఎప్పుడు అల్లావే ఇది?" అంది మామ్మ.

"ఏమో వదినా, చెయ్యి ఊరుకోదు. ఈగలు పడకుండా బాగుంది."

"నేనూ చూసి మా కిటికీకి వేసుకున్నానండి," అంది పెద్దింట్లమ్మ సంబరంగా.

మామ్మ లేచి నిలబడింది. "తప్పు నాది బాబూ, పిల్లది కాదు. ఒట్టేసి తప్పాను. దాని చదువు మీద మాత్రం దెబ్బ కొట్టకండి."

ఆయన కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "కిటికీకి వేలాడేదాన్ని రహస్యమని నేను రాయలేనండి. ప్రాజెక్టు మా దగ్గర ఇక ఉండదు. మీ అమ్మాయి దీన్ని ఎవరికి చెప్పుకున్నా అడ్డు లేదు."

హారతి మామ్మతో మాట్లాడకుండానే రైలెక్కింది. ఆ వేసవంతా మామ్మకు అన్నం రుచించలేదు. అయినా రెండు పూటలా తిన్నది, అది వేరే సంగతి.

వానలు మొదలయ్యాక హారతి వచ్చింది. ఆ వల గురించి తన పేరుతో ఒక సైన్సు పత్రికలో రాసింది. అది చదివి వాతావరణ శాఖ వాళ్లు పనికి పిలిచారు. జీతం తక్కువ, గది ఇరుకు, పని మాత్రం తను కోరుకున్నదే.

"కోపం పోయిందా?" అంది మామ్మ.

"సగం పోయింది. మిగతా సగానికి పని చేసిపెట్టు. పెనుగాలికి ఈ వల సాగిపోతోంది. ఏం చెయ్యాలి?"

అంచు బిగించమంది మామ్మ. మధ్యలో బిగించమంది పాపాయమ్మ. అసలు గాలిని పోనివ్వాలంది పెద్దింట్లమ్మ. ఎవరి మాట ఎవరూ ఒప్పుకోలేదు, ముగ్గురూ మూడు ముక్కలు అల్లడం మొదలుపెట్టారు. హారతి ఎక్కాల్సిన రైలు ఎప్పుడో వెళ్లిపోయింది.