పాళీ చిన్నది కాలేదు

మా వదినకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అంటుంది. అది నిజం కాదు. ముక్కు మీది కోపం ఒక్క తుమ్ము తుమ్మితే పోతుంది. మా వదిన కోపం బొటనవేలి చివర ఉంటుంది. పుస్తకాల షాపుకు వెళ్ళిందంటే ఏదో ఒక పుస్తకం తీసి, మధ్యకు తెరిచి, పేజీ అంచున బొటనవేలు పెట్టి చూస్తుంది. వేలు అక్షరాల మీద పడిందా, ఆ షాపువాడికి మూడిందే. చదివేవాళ్ళు ఈ పుస్తకాన్ని ఎక్కడ పట్టుకోవాలి, పళ్ళతోనా అని అడుగుతుంది. పాపం అతను ఆ పుస్తకం రాసినవాడు కాడు, అచ్చు వేసినవాడూ కాడు. పద వదినా అని నేనే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తాను.

ఆవిడ పుస్తకాలకు పేజీలు కట్టే మనిషి. రాసేవాళ్ళు రాసిస్తారు, తప్పులు దిద్దేవాళ్ళు దిద్దుతారు. ఆ తరవాత ఆ రాతను ఏ రకం అక్షరాల్లో, ఎంత పెద్దగా, వరసకూ వరసకూ మధ్య ఎంత ఎడంతో, చుట్టూ ఎంత ఖాళీతో పేజీ మీద పెట్టాలో తేల్చేది ఆవిడ. ఆవిడ పనిచేసే ప్రచురణ సంస్థలో ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల మార్జినమ్మ అంటారు. రెండూ ఆవిడకు తెలుసు. పేరు పెట్టే తీరిక ఉన్నవాళ్ళకు పేజీ చూసే తీరిక ఎందుకు లేదో అర్థం కాదని అంటుంది.

నేను బట్టలు కుడతాను. మా ఇంట్లో ముందు గదిలో నా మిషను, వెనక గదిలో ఆవిడ బల్ల. మా అన్నయ్యను చేసుకుని వచ్చిన కొత్తలో, ఖాళీ జాగా కోసం ఇంత రభసేమిటి వదినా అని అడిగాను. చంక దగ్గర నువ్వు వదులెందుకు పెడతావు అని ఎదురడిగింది. చెయ్యి ఎత్తాలి కదా అన్నాను. కన్ను కూడా కదలాలి అంది. మన అక్షరాల కింద వత్తులు వేలాడతాయి, పైన గుడులు లేస్తాయి. కాగితం కలిసొస్తుందని వరసలు దగ్గరికి ఇరికిస్తే పై వరస వత్తు వచ్చి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. కిక్కిరిసిన బస్సులో ఒకరి ఒళ్ళో ఒకరు పడ్డట్టు ఉంటుంది ఆ పేజీ. అలా ఇరికించినవాళ్ళను వదిన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

ఈ పిచ్చి ఆవిడకు అంటించింది వాళ్ళ పెదనాన్న. తండ్రి పోయాక తన దగ్గర పెట్టుకుని పెంచినవాడు. మా ఇంట్లో కూడా అందరం ఆయన్ను పెదనాన్న అనే పిలుస్తాం. సైకిల్ షాపు పైన రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. దుకాణాల బోర్డుల మీద తాటికాయలంత అక్షరాలు రాస్తూ మొదలుపెట్టి, నిచ్చెన ఎక్కలేని వయసు వచ్చాక పుస్తకాల అట్టల మీద పేర్లు రాయడంలోకి దిగాడు. నిచ్చెన దిగేకొద్దీ నా అక్షరం చిక్కిపోయిందని తనే నవ్వేవాడు. ఆయనకు కోపం రావడం మేమెవరమూ చూడలేదు. ఒకసారి ఎవరో దారినపోతూ పెయింటు డబ్బా తన్నేస్తే, కాలికేమైనా తగిలిందా బాబూ అని అడిగాడట. ఆ వంశంలో ఉన్న కోపమంతా ఒక్క మనిషికే ఇచ్చేసినట్టున్నారు.

ఆ పెదనాన్న ఒక పుస్తకం తయారుచేశాడు. అందంగా అక్షరం రాయడం నేర్పే పుస్తకం. పేజీకి ఒకే అక్షరం, లేత రంగులో. చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో చూపించే చిన్న బాణం గుర్తులు. దాని మీద పల్చటి కాగితం పరిచి, వెడల్పు పాళీ కలంతో దిద్దుకోవాలి. ఆ పాళీ ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికేదే. కిటుకంతా ఏమిటంటే, పాళీ వెడల్పు ఎంతో పేజీ మీద అక్షరం గీత లావు సరిగ్గా అంతే. చెయ్యి సరిగా తిరిగితే పాళీ ఆ గీతలో ఇమిడిపోతుంది. గీత దాటి బయటికి పోయిందంటే చెయ్యి తప్పిందన్నమాట. మాస్టారు దొరకనివాళ్ళకు ఆ పేజీయే మాస్టారు. ఆయన ఒక్కో అక్షరాన్నీ ఎన్నిసార్లు రాసి ఎన్నిసార్లు చింపాడో ఆయనకే తెలియదు.

ఆ పుస్తకానికి పేజీలు కట్టింది వదినే. చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి, పెదనాన్న అక్షరాలను ఆయన రాసిన సైజులోనే పెట్టింది. సైజు మార్చకూడదు అని ఫైలు మీదా రాసింది, కవరు మీదా రాసింది, మేనేజరుకు నోటితోనూ చెప్పింది. అంతా అయ్యి ఫైలు ఇచ్చిన వారంలోనే పెదనాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. వదిన సెలవు పెట్టి ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుంది.

ఆ సంస్థలో ఒక అలవాటు ఉంది. ఏ పుస్తకమైనా ఒకటే సైజు. వంటల పుస్తకమూ అంతే, వ్యాకరణమూ అంతే. అట్టపెట్టెల్లో సర్దడానికి వీలని ఎప్పుడో ఎవరో పెట్టారు, అదే వేదమైపోయింది. ప్రెస్సుకు పంపేముందు ప్రతి ఫైలునూ ఆ సైజులోకి కుదించడం మేనేజరు చేతికి అలవాటైన పని. ఈ ఫైలునూ అలాగే కుదించాడు. ఏనుగు బొమ్మను కుదిస్తే ఏనుగేమీ అనుకోదు. కానీ ఇది బొమ్మల పుస్తకం కాదు. ప్రతి అక్షరమూ పాళీ కంటే సన్నబడిపోయింది.

పెదనాన్న ఇంటికొచ్చాక వదిన తిరిగి ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద పుస్తకం సిద్ధంగా ఉంది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయిందట. ఒంటికాలి మీద లేచి మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు.

"అక్షరాలన్నీ ఉన్నాయి కదా మేడమ్. కాస్త చిన్నవయ్యాయి, అంతేగా."

"అక్షరం చిన్నదైంది సరే. పాళీ చిన్నది కాలేదు కదండీ."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే తప్పు లేదు, అడగొచ్చు. ఆయన అడగలేదు. ఎవరూ గమనించరని అన్నాడు. ఆవిడ కలం తెచ్చి, ఆయన ఎదుటే కాగితం పరిచి దిద్ది చూపించింది. గీత పొంగిపొర్లింది, సున్నా నడుమ ఖాళీ మూసుకుపోయి మచ్చలా మిగిలింది. అది చూశాక, సరే చూద్దాం అన్నాడు. కనీసం సన్నటి పాళీ వాడమని ఒక చీటీ అచ్చు వేసి ప్రతి పుస్తకంలోనూ పెట్టమని అడిగింది. దానికీ చూద్దామే. ఇంటికొచ్చి ఆవిడ ఇదంతా చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చొక్కా కొలతను కూడా అంతే కుదించి, కుట్టి, తొడిగించి, కాస్త చిన్నదైంది అంతేగా అని అడగాలనిపించింది.

ఇక్కడే మా వదిన తప్పు చేసింది. పుట్టినప్పటి నుంచి ఎవరి దగ్గరా దాచుకోని కోపాన్ని మొదటిసారి దాచుకుంది. పెదనాన్న మనసు కష్టపెట్టకండని డాక్టరు చెప్పాడు. చీటీ వచ్చాక నెమ్మదిగా చెబుదామని, ఆయనకు పుస్తకం ఇచ్చి, బాగా వచ్చింది పెదనాన్నా అని ఊరుకుంది. ఆయన అట్ట నిమిరి చూసుకుని సంతోషపడ్డాడు. చెయ్యి అప్పుడప్పుడే స్వాధీనంలోకి వస్తోంది. రోజూ రాస్తూ ఉండమని కూడా ఆ డాక్టరే చెప్పాడు. ఆయన దేని మీద రాస్తాడో మాకెవరికీ తట్టలేదు.

తరవాత ఒక ఆదివారం పొద్దున నేనూ వదినా ఆయన గదికి వెళ్ళాం. కిటికీ దగ్గర బల్ల ఖాళీగా ఉంది. ఎప్పుడూ దాని మీద ఉండే పాళీల డబ్బా లేదు. ఏదని వదిన అడిగింది.

"కింద సైకిల్ షాపతనికి ఇచ్చేశాను తల్లీ. గొలుసుల్లో మట్టి గీకడానికి పనికొస్తాయన్నాడు."

"ఎందుకిచ్చావు?"

"నా చెయ్యి అయిపోయిందమ్మా. నా అక్షరం మీద నేనే దిద్దలేకపోతున్నాను."

మంచం కింద చూస్తే పల్చటి కాగితాల కట్ట ఉంది. ప్రతి కాగితం మీదా అవే పొంగిన గీతలు, అవే మూసుకుపోయిన సున్నాలు. బాగా వచ్చిందన్న వదిన మాట నమ్మి రోజూ కూర్చుని, పాళీ గీత దాటుతుంటే చెయ్యి తప్పుతోందనుకుని, మళ్ళీ దిద్ది, మళ్ళీ తప్పి, చివరికి కలం వదిలేశాడు. ఆడలేక మద్దెల ఓడందని మనకొక సామెత. ఇక్కడ మద్దెలే ఓడు. ఆడే మనిషి మాత్రం తన కాళ్ళనే తిట్టుకున్నాడు.

వదిన పెట్టిన కేకకు కింద షాపులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. నీ చెయ్యి కాదు పెదనాన్నా, పుస్తకమే తప్పు అని అంతా చెప్పింది. ఆయన విని, చిన్నగా నవ్వి, నన్ను ఓదార్చడానికి ఎన్ని తంటాలు పడుతున్నావు తల్లీ అన్నాడు. నమ్మలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరు నమ్ముతారు?

వదిన నావైపు తిరిగి, కిందికెళ్ళి ఒక్క పాళీ అయినా పట్టుకురా అంది. షాపతను గ్రీజు పూసుకున్న డబ్బాలోంచి వెతికి, వంగిపోనిది ఒకటి తీసి ఇచ్చాడు. సబ్బుతో కడిగి తెచ్చేలోగా వదిన ట్రంకుపెట్టెలోంచి పెదనాన్న రాసిన అసలు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. పైన పల్చటి కాగితం పెట్టి, పాళీ కలానికి తొడిగి, ఆయన వేళ్ళ మధ్య ఉంచింది. ఆయన వద్దన్నాడు. ఆవిడ వినలేదు.

చెయ్యి వణికింది. గీత కూడా కొంచెం వణికింది. కానీ పాళీ గీతలోనే నడిచింది, సున్నా నడుమ ఖాళీ తెల్లగా మిగిలింది. ఆయన అచ్చు పుస్తకం దగ్గరికి జరుపుకుని, అదే పాళీతో అదే అక్షరం దిద్దాడు. పొంగింది. మళ్ళీ అసలు దాని మీద దిద్దాడు. ఇమిడింది. అప్పుడు పుస్తకాన్ని బల్ల మీది నుంచి కిందికి తోసేశాడు. ఆయన మొహం అలా ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను. నాకు భయం వేసింది.

"అందరి మీదా అరుస్తావు కదే. నా దగ్గరే నోరు ఎందుకు మూసుకున్నావు?"

వదిన తల వంచుకుని ఏడ్చింది. ఆవిడను ఒకరు తిట్టగా నేను చూడటం కూడా అదే మొదలు. ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు. పుస్తకాలు ఎక్కడెక్కడికి వెళ్ళాయని అడిగాడు. షాపులకు వెళ్ళిపోయాయని చెప్పింది.

"నాకు చెప్పడానికి నువ్వున్నావు. వాళ్ళకెవరు చెబుతారు?"

మర్నాడు ఆయన కర్ర పట్టుకుని వదినతో ఆ ఆఫీసుకు వెళ్ళాడు. మేనేజరు లేచి నిలబడి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు, మీ పుస్తకం బాగా పోతోందండీ అని మెచ్చుకున్నాడు. చీటీ సంగతి ఎత్తగానే, తప్పుందని మనమే చాటుకున్నట్టవుతుంది కదండీ అన్నాడు. ఉంది కాబట్టే చాటమంటున్నానని పెదనాన్న అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. కొన్నాళ్ళకు రెండో ముద్రణ వచ్చింది. అట్ట రంగు మార్చారు, సైజు మార్చలేదు.

ఉద్యోగం మానెయ్యమని అన్నయ్య అన్నాడు. నేను మానేస్తే మిగతా పుస్తకాలూ ఆ మేనేజరు చేతిలోకే పోతాయని వదిన మానలేదు. రోజూ వెళ్ళి రోజూ పోట్లాడి వస్తుంది. పెదనాన్న మళ్ళీ రాస్తున్నాడు, కానీ ఇప్పుడు ఆయనకూ కోపం వస్తోంది. సెలవు రోజుల్లో వదిన షాపుల్లో నిలబడి, ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళకు విషయం చెబుతుంది. కొందరు వింటారు. కొందరు ఆవిడను పిచ్చిదన్నట్టు చూస్తారు. రెండు షాపులవాళ్ళు మళ్ళీ రావద్దన్నారు. నేనిప్పుడు చెయ్యి పట్టుకుని లాక్కురావడం లేదు. పక్కనే నిలబడి నేనూ చెబుతున్నాను.

అయినా మేం చేరలేనివాళ్ళే ఎక్కువ. ఎక్కడో ఎవరో బల్ల ముందు కూర్చుని, పాళీ గీత దాటిపోతుంటే, నాకీ విద్య రాదులే అని కలం మూసేస్తూ ఉంటారు. వాళ్ళల్లో మీరుంటే, లేత రంగు అక్షరాలున్న ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే, మీ చేతిలో ఏ లోపమూ లేదు.