సుభద్ర మేడమ్ నిలబడే చోటు

సూర్యాపేటలో ఆరింటికి బస్సెక్కి, తొమ్మిదింటికి ఎల్బీనగర్‌లో దిగాను. అక్కడి నుంచి కర్మన్‌ఘాట్ గుడి వైపు షేర్ ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. దారి సులువే. బయలుదేరడానికే నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

సుభద్ర మేడమ్ మాకు డిగ్రీలో తత్వశాస్త్రం చెప్పేవారు. నల్లగొండ దగ్గరి పల్లె ఆవిడది. ఆవిడ చిన్నతనంలోనే అన్న యుద్ధంలో చనిపోయాడు. సరిహద్దులో మళ్లీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 'యుద్ధం వద్దు' అని రాసిన అట్ట పట్టుకుని కాలేజీ గేటు ముందు ఒక్కరే నిలబడ్డారు. క్లాసులో, "చచ్చిన శత్రువుకు గూడ తల్లుంటది" అన్నారు. దాని మీద విచారణ జరిగింది. ఆ మాట అన్నారని రాసిచ్చిన వాళ్లలో నేనొకణ్ని. ప్రిన్సిపాల్ కావలసిన మనిషిని మారుమూల కాలేజీకి పంపారు. పుస్తకాలు రాసుకుంటూ అక్కడే రిటైరై, ఇప్పుడు కర్మన్‌ఘాట్‌లో ఉంటున్నారు.

ఆటోలో పక్కనున్న పెద్దాయనకు అడ్రసు చూపించాను. "గా అట్ట పట్టుకొని నిలవడే మేడమా? మా గల్లీనే, నడువు" అన్నాడు.

తలుపు తీస్తూనే మేడమ్ గుర్తుపట్టారు. "శంకర్! జర టీ తాగు, పోదాం. ఆదివారం గద, పదకొండుకు దిల్‌సుఖ్‌నగర్‌ల నిలవడాలె."

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నాక చెప్పాను. "మేడమ్, ఆనాటి కాగితం మీద నా సంతకం గూడ ఉన్నది."

"ఎర్కనే. నాకు సూపెట్టిన్రు. నేనన్న మాటే రాసినవ్, అబద్ధమేం రాయలె. కాని తెల్లారి నుంచి క్లాసుల ప్రశ్నలడుగుడు బంద్ చేసినవ్. గదే బాధైంది. అప్పుడేం అడగాలనుకున్నవో గిప్పుడడుగు."

"శత్రువు మన మీదికొస్తే ఏం చేయాలె, మేడమ్?"

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్లు దిగుతూ అన్నారు: "పూరా జవాబు నాకింకా దొరకలె. మా అన్న శవమొచ్చిన కాడి నుంచి ఎతుకుతున్న."

మెట్ల పక్కన 'యుద్ధం వద్దు' అట్ట పట్టుకుని నిలబడ్డారు. నేనూ పక్కన నిలబడ్డాను. కూరగాయల సంచితో వెళ్తున్న ఒకావిడ ఆగి, కోపంగా అడిగింది: "మా అబ్బాయి మిలటరీలో ఉన్నాడండీ. వాళ్లు అక్కడ కాపలా కాస్తుంటే ఈ బోర్డేంటి?"

"నీ కొడుకు సల్లంగ ఇంటికి రావాలనే, బిడ్డా" అన్నారు మేడమ్.

ఆవిడ కోపం తగ్గిందో లేదో తెలియదు. అట్ట వైపు చూస్తూ ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయింది.

రెండింటికి ఎల్బీనగర్‌లో తిరుగు బస్సు. సాగనంపడానికి మేడమ్ అక్కడిదాకా వచ్చారు. క్షమించానని అనలేదు. "ఇంకేమన్న అడిగేదుంటే ఆదివారం రా" అన్నారు, అంతే. హయత్‌నగర్ దాటేసరికి, అడగవలసినవి చాలానే గుర్తొచ్చాయి.