జింకు సీసా చోటు

మైలుతుత్తం మాస్టారంటే బడంతా తెలుసు. చొక్కా చేతులకు నీలి మరకలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. భార్య ఉతికి ఉతికి విసిగిపోయి, "మీకు జీతం తుత్తంలోనే ఇస్తున్నారా ఏంటి?" అని దెప్పేది. ఆయన నవ్వేసేవాడు. కెమిస్ట్రీ ల్యాబంటే ఆయనకు ప్రాణం.

పాపం, ఏడాదిగా ఆ ప్రాణానికే ఎసరొచ్చింది. కంటి నరం ఎండిపోతోందనీ, అద్దాలు మార్చి లాభం లేదనీ డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ పొక్కనివ్వలేదు. తెలిస్తే ల్యాబులోంచి తీసేస్తారని భయం.

"చెప్పేయండి. పిల్లలతో పని" అని ఆమె మొత్తుకునేది.

"చెప్పి? ఇంట్లో కూర్చుని గోడలు చూడనా?"

మహా మొండి మనిషి! థర్మామీటరు గీతలు ఆనవు కనుక, "గట్టిగా చదవండర్రా, గొంతులు పెగలాలి" అంటూ పిల్లల చేత చదివించేవాడు. సీసాల మీది పేర్లు ఆనవు కనుక జింకు ఎడమ చివర, మెగ్నీషియం కుడి చివర అని గుర్తుపెట్టుకున్నాడు.

ఆ ఉదయం హెడ్ మేడమ్ క్లాసు చూడటానికి వస్తారని పిల్లలు ముచ్చటపడి అల్మరా తుడిచి, సీసాలు నీటుగా సర్దారు. మాస్టారికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"తుత్తం నీళ్ళలో జింకు వేస్తే, అందులోని రాగిని బయటికి గెంటేస్తుంది. ఆ గెంటులాటలో వేడి పుడుతుంది. ఎంత పుట్టిందో చూద్దాం. ఇప్పుడెంతుందో చదవవే తల్లీ" అన్నాడు, కప్పులో థర్మామీటరు పట్టుకున్న అమ్మాయితో.

"ఇరవై ఆరు మాస్టారూ."

ఎడమ చివరి సీసా తీసి, పొడి వేసి కలిపాడు.

"నలభై... అరవై... అమ్మో, పొంగుతోంది మాస్టారూ!"

జింకుకు అంత దూకుడు ఉండదు. అది మెగ్నీషియమని ఆయనకు తట్టేలోపే కప్పు బుసబుసా పొంగి పిల్ల చేతి మీద పడింది.

గబగబా ఆ చేతిని కుళాయి కింద పెట్టాడు. తర్వాత ముక్కుకు తగిలేంత దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎర్రబడిందా అమ్మా?"

మణికట్టు దాకా కందిపోయి ఉంది. వెనక బల్లవాళ్ళకు కూడా కనబడుతోంది. ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసి, ఏడుపు దిగమింగుకుంది.

"లేదు మాస్టారూ. ఏం కాలేదు."

క్లాసు చూస్తూ వెనక కూర్చున్న హెడ్ మేడమ్ లేచి నిలబడ్డారు. ఆవిడ నోరు తెరవకముందే మాస్టారే అన్నాడు:

"పిల్లని డాక్టరు దగ్గరికి పంపించండి మేడమ్. అబద్ధం చెబుతోంది. నాకు కనబడదని దానికి తెలిసిపోయింది."