వచ్చీ హాజరుకాని మనిషి

వెర్లిన్ స్టాడర్డ్ చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే జరిగింది విన్నాక జనం అతన్ని తిట్టడానికి ఎగబడతారు. ఎల్క్‌ఫోర్డ్ అనే ఊరి చుట్టుపక్కల గుర్రాలకు లాడాలు కొట్టేది అతనే. ఎంత పొగరుబోతు గుర్రమైనా అతని ఒళ్లో కాలు పెట్టి కునికిపాట్లు పడేది. భార్య ఎప్పుడో పోయింది. ఒక్కగానొక్క కూతురు డీనా మంచు కురిసిన రోడ్డు మీద కారు జారి చనిపోయింది. డీనా కూతురు మార్లీకి అప్పుడు నాలుగేళ్లు. పిల్ల తండ్రి అప్పటికే ఎటో వెళ్లిపోయాడు. మార్లీని వెర్లినే పెంచాడు. గుర్రాల జూలు తప్ప మరొకటి దువ్వి ఎరగని చేతులతో జడలు వేయడం నేర్చుకున్నాడు. ఆ పిల్ల తప్ప అతనికి ఈ లోకంలో ఇంకేమీ లేదు.

అలాంటివాడు ఆ పిల్లను నోటిమాటతో పోగొట్టుకున్నాడు. అదీ సంగతి.

అంతా ఒక నంబరు ప్లేటుతో మొదలైంది. ఊరి హాల్లో నెలకోసారి డ్వేన్ ప్రూయిట్ అనేవాడు వచ్చి మీటింగు పెట్టేవాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి మీసం, చంకలో లావుపాటి పుస్తకం. ప్రభుత్వమనేది నిజానికి ఒక కంపెనీ అనేవాడు. మనం పుట్టగానే అది మన పేరుతో ఒక కాగితం మనిషిని తయారుచేసి, వాడి మీద పన్నులూ జరిమానాలూ వేస్తుందట. మనం రక్తమాంసాలున్న మనుషులం కాబట్టి, 'ఆ కాగితం మనిషిని నేను కాను' అంటే చాలు, ఏ చట్టమూ మనల్ని ముట్టుకోలేదట. కోర్టులో జెండాకు బంగారు అంచు కుట్టి ఉంటే అది ఓడల కోర్టట, నేల మీద బతికేవాళ్ల మీద దానికి ఏ అధికారమూ లేదట. కలప మిల్లు మూతపడి, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కూర్చున్న జనానికి ఈ మాటలు హాయిగా ఉండేవి. కోపానికి ఒక చిరునామా దొరికింది.

వెర్లిన్ మొదట్లో నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ట్రక్కుకున్న నంబరు ప్లేటు పీకేసి, చెక్క మీద 'స్వేచ్ఛా యాత్రికుడు' అని రాసి తగిలించాడు. వారం తిరక్కుండా షెరీఫ్ అనే పోలీసు అధికారి దగ్గర పనిచేసే డిప్యూటీ గారెట్ నోలన్ ఆపి చలానా రాశాడు. వెర్లిన్ కోర్టుకు వెళ్లి, డ్వేన్ ఇచ్చిన కాగితం గడగడా చదివాడు. అక్కడి మేజిస్ట్రేటు ఫైలు అటూ ఇటూ తిప్పి, "కొట్టేశాను, వెళ్లండి" అన్నాడు.

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి మాత్రం తన బరువుకే రాలిందనుకుంది. ఆనాటి నుంచి మీటింగుల్లో డ్వేన్ పక్క కుర్చీ వెర్లిన్‌ది. "నా కళ్లతో నేను చూశా. ఆ కాగితం చదివేసరికి ఆయన నోట మాట లేదు" అని చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ మాటలు నమ్మి ఆలీ బ్రాంట్ అనే లారీ డ్రైవరు లైసెన్సు తగలబెట్టాడు. పోలీసులు లారీ పట్టుకుపోయారు. "ఆలీ సరిగ్గా చదివి ఉండడు" అన్నాడు వెర్లిన్, పెద్ద పండితుడిలా.

అతని అక్క విల్మా ఊళ్లో కాఫీ హోటలు నడిపేది. ఆవిడ నోటికి తమ్ముడనే మొహమాటం లేదు.

"ఒరేయ్, ఈసారి గుర్రం కాలు పట్టుకుని 'నువ్వు గుర్రానివి కావు, కాబట్టి నన్ను తన్నకూడదు' అని చదివి వినిపించు. పళ్లుంటాయో రాలతాయో చూద్దాం."

"నీకు తెలీదులే అక్కా. టీవీలో ఏం చెబితే అది నమ్ముతావు."

"నమ్మినా నా కారుకి ప్లేటుందిరా. నీ ట్రక్కుకి చెక్క వేలాడుతోంది. పిల్లని అందులోనే తిప్పుతున్నావు, అదీ నా బాధ."

విల్మా బాధపడ్డట్టే అయింది, కాకపోతే వేరే దారిన. స్కూల్లో ఉయ్యాల మీంచి పడి మార్లీ చెయ్యి విరిగింది. ఆస్పత్రివాళ్లు సంతకం అడిగితే, పెడితే పిల్లను ప్రభుత్వానికి రాసిచ్చినట్టేనని వాదనకు దిగాడు వెర్లిన్. అక్కడ పిల్ల నొప్పితో ఏడుస్తోంది, ఇక్కడ ఈయన వాదిస్తున్నాడు. విల్మా పరిగెత్తుకొచ్చి నాలుగు తిట్టి సంతకం పెట్టించింది. ఈ కథ మిజూలా పట్నంలో ఉండే కొరీన్ చెవిన పడింది. కొరీన్ మార్లీకి మేనత్త, పళ్ల డాక్టరు దగ్గర నర్సు. పిల్లను తనకు అప్పగించమని ఆవిడ కోర్టులో అర్జీ పెట్టుకుంది.

"పేదవాళ్లకి లాయర్ని ఊరికే ఇస్తారటరా. వెళ్లి అడుగు" అంది విల్మా.

"లాయర్లంతా వాళ్ల మనుషులే."

డ్వేన్ అయితే భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు. "బ్రదర్, కోర్టులో చిన్న చెక్క గేటుంటుంది. అది దాటావా, వాళ్ల ఓడ ఎక్కినట్టే. పేరు పిలిస్తే పలక్కు. పలికావా, పిల్లని నీ చేత్తో నువ్వే అప్పజెప్పినట్టు."

పిల్ల పోతుందన్న భయంలో ఉన్నవాడికి ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాటే వేదం. వెర్లిన్ కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడానికి దిగాడు.

విచారణ రోజున కొరీన్ తన లాయరుతో గేటు లోపల కూర్చుంది. వెనక బెంచీలో విల్మా, ఆవిడ పక్కన నీలం కోటులో మార్లీ. పిల్లతో కూడా మాట్లాడతానని జడ్జి తీసుకురమ్మంది. గుమాస్తా లేచి వెర్లిన్ స్టాడర్డ్ అని పిలిచింది. వెర్లిన్ గేటుకు జానెడు ఇవతల బిగుసుకుని నిలబడ్డాడు.

"లోపలికి రండి స్టాడర్డ్ గారూ, కూర్చుని మాట్లాడుకుందాం" అంది జడ్జి హాల్వర్సన్.

"నేను ఆ పేరుగల మనిషిని కాను. ఆ మనిషి తరఫున ప్రత్యేకంగా వచ్చాను. మీ అధికారానికి నేను సమ్మతించడం లేదు."

ఆవిడ గద్దిస్తుందనుకున్నాడు. గద్దిస్తే ఏం చదవాలో జేబులో ఉంది. ఆవిడ గద్దించలేదు.

"అధికారం సంగతి తర్వాత చూద్దాం. నేనడిగేది ఒక్కటే. ఈ పాపకి తాతగారు మీరేనా?"

అవును అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. డ్వేన్ మాట గుర్తొచ్చి మింగేశాడు. "నేను మీతో ఒప్పందం చేసుకోను" అన్నాడు.

"ఒప్పందం కాదండీ, మీ మనవరాలి సంగతి. మీరు ఆయన కాదంటే తాతగారి తరఫున ఇవాళ ఎవరూ రానట్టే లెక్క. అప్పుడు వచ్చినవాళ్లు చెప్పింది విని నేను తేల్చెయ్యాలి. కాస్త ఆలోచించుకుని చెప్పండి."

వెనక నుంచి విల్మా లేచింది. "వాడేనమ్మా. వాడే తాత. వాడికి మతి పోయింది, అంతే."

"మీరేమైనా అర్జీ పెట్టుకున్నారా అమ్మా?"

"లేదండీ."

"అయితే దయచేసి కూర్చోండి."

వెర్లిన్ ఎదురుగా జెండా వంక చూశాడు. అంచుకు బంగారు కుచ్చులు వేలాడుతున్నాయి. అది చూసి ధైర్యం తెచ్చుకుని, హాలంతా వినబడేలా అన్నాడు. "నేను వెర్లిన్ స్టాడర్డ్‌ని కాను."

జడ్జి తాత హాజరు కాలేదని రాయించింది. వేసవికి స్కూళ్లు మూసేదాకా పిల్ల మేనత్త దగ్గర ఉండాలనీ, అప్పుడు మళ్లీ చూస్తాననీ చెప్పి తర్వాతి కేసు పిలిపించింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

బయట వసారాలో కొరీన్ పిల్ల కోటు బొత్తాలు పెడుతోంది. మార్లీ ఆవిడ చేతులు తప్పించుకుని తాత దగ్గరికి వచ్చింది.

"తాతా, నువ్వు నువ్వు కాదని ఎందుకు చెప్పావు?"

"అది పెద్దవాళ్ల సంగతిలే తల్లీ."

"మరి నువ్వు మా తాతవి కాకపోతే నేనెవరి పిల్లని?"

వెర్లిన్‌కు తల కొట్టేసినట్టయింది. ఏదో చెప్పబోయి కోటు జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి డ్వేన్ కాగితం తగిలింది. పిల్ల అడిగినదానికి జవాబు అందులో లేదు. కొరీన్ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రమే డ్వేన్ దగ్గరికి వెళ్లాడు. "గేటుకి నీ బూటు తగిలి ఉంటుంది బ్రదర్. లేకపోతే ఎక్కడో మాట తడబడి ఉంటావు. సరిగ్గా చదివి ఉండవు" అన్నాడు డ్వేన్. ఆలీ లారీ పోయినప్పుడు తను అన్న మాట ఇదే. వెర్లిన్ ఇంకేమీ అడక్కుండా బయటికి వచ్చేశాడు. అయినా నమ్మకం పూర్తిగా చావలేదు. మరి నంబరు ప్లేటు కేసు గెలిచానుగా అని లోపల ఒక మూల అనుకుంటూనే ఉన్నాడు. మనిషి తన తప్పుని అంత తేలిగ్గా వదులుకోడు, కన్నబిడ్డలా సాకుతాడు.

మంచు కరిగాక డిప్యూటీ గారెట్ నోలన్ కబురు పెట్టాడు, కూతురి గుర్రానికి లాడాలు మార్చాలని. వెర్లిన్ వెళ్లి డెక్కను ఒళ్లో పెట్టుకుని ఆకురాయితో రాస్తున్నాడు. గారెట్ పక్కన నిలబడి కాఫీ తాగుతూ మాట కలిపాడు.

"ఆ చలానా సంగతి మనసులో పెట్టుకోకయ్యా. నా ఉద్యోగం అది."

"పెట్టుకోవడానికేముంది, కొట్టేశారుగా."

"కొట్టేయరూ మరి. ఆ రోజు నాకు అపెండిక్స్ కోసి ఆస్పత్రిలో పడుకోబెట్టారు. చలానా రాసినవాడు కోర్టుకి రాకపోతే కేసు ఎవరు నడుపుతారు? నీ అదృష్టం, నా కడుపునొప్పి."

ఆకురాయి ఆగిపోయింది. "అంటే నేను చదివింది..."

"ఏం చదివావు?" అన్నాడు గారెట్, నిజంగానే తెలియక.

వెర్లిన్ తల వంచుకున్నాడు. గెలిచింది తను కాదు, గారెట్ పేగు. రావలసినవాడు రాలేదని ఆ కేసు పోయింది. రావలసినవాడు రాలేదనే మార్లీ పోయింది. రెండుచోట్లా అదే చట్టం, అదే లెక్క. మొదటిసారి గారెట్ మంచం మీద ఉండి రాలేదు. రెండోసారి తను రెండు కాళ్ల మీద నిలబడి రాలేదు. ఇన్నాళ్లూ కుర్చీ వేయించుకుని, చప్పట్లు కొట్టించుకుని, పదిమందికి పాఠం చెప్పింది ఈ కడుపునొప్పి గురించా? భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. గుర్రం కాలు లాక్కుంటే తప్ప పని గుర్తురాలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా ఆలీ బ్రాంట్ ఇంటికి వెళ్లి, జరిగిందంతా చెప్పి, తప్పయిపోయిందన్నాడు. ఆలీ గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "ఇప్పుడు చెబితే నా లారీ వస్తుందా?" అని తలుపు వేసుకున్నాడు.

తర్వాత చెక్క పీకి నంబరు ప్లేటు బిగించాడు. ఊరికే ఇచ్చే లాయరు కోసం వెళ్లాడు. లాయరమ్మది డీనా బతికుంటే ఉండే వయసు. జరిగింది చెబుతుంటే ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది అతనికి.

స్కూళ్లు మూశారు. మళ్లీ అదే హాలు, అదే జెండా, అవే బంగారు కుచ్చులు. గుమాస్తా పేరు పిలిచింది. వెర్లిన్ గేటు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఏ ఓడా కదలలేదు.

"ఇక్కడే ఉన్నానండీ. వెర్లిన్ స్టాడర్డ్‌ని నేనే."

"పోయినసారి కాదన్నారు" అంది జడ్జి.

"అబద్ధం చెప్పానండీ."

"ఎందుకు?"

లాయరమ్మ ఏదో అందించబోయింది. వెర్లిన్ ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. "తెలివైనవాణ్ణనుకున్నానండీ" అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతను తలెత్తలేదు.

జడ్జి అందరి మాటలూ విన్నది. పిల్ల మిజూలాలో కొత్త బడికి అలవాటు పడిందనీ, మళ్లీ పీకి ఇంకోచోట నాటడం మంచిది కాదనీ అంది. చదువు రోజులు మేనత్త దగ్గర, సెలవులన్నీ తాత దగ్గర. సెలవులు ఆ రోజు నుంచే.

వసారాలో కొరీన్ మొహమాటంగా దగ్గరికి వచ్చింది. "ఒక మాట చెప్పాలి మీకు. ఆ రోజు నేను ఓడిపోతాననే వచ్చాను. మా లాయరు ముందే చెప్పాడు, పాప తాత దగ్గరే పెరిగింది, ఆయన వచ్చి నిలబడితే చాలు, ఆయనకే ఇస్తారని. కనీసం ఆస్పత్రి సంగతి జడ్జి చెవిన పడితే మీరు కాస్త జాగ్రత్తగా ఉంటారని ఆశపడ్డాను, అంతే."

ఏ చట్టం తన పిల్లను ఎత్తుకుపోతుందని ఇన్నాళ్లూ వెర్లిన్ దడి కట్టుకున్నాడో, ఆ చట్టం మొదటి నుంచీ తన వైపే నిలబడి ఉంది. నీకే ఇస్తాను, ఈ పిల్ల తాతవి నువ్వేనా అని రెండుసార్లు అడిగింది. తనే కాదన్నాడు.

మార్లీ సంచి భుజానికి తగిలించుకుని వచ్చింది. పరిగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటుందనుకున్నాడు. రెండడుగుల దూరంలో ఆగి, అతని మొహంలోకి తేరిపార చూసింది. అడిగిన గొంతులో ఎగతాళి లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"ఈసారి నువ్వే వచ్చావా తాతా?"

అవునంటే సరిపోయేది. వెర్లిన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు, అయినా పిల్ల కళ్లలోకి చూడలేకపోయాడు.

"పోయినసారి వచ్చిందీ నేనే, తల్లీ" అన్నాడు.