నెర్రెల్లో పోసిన నీళ్లు

మబ్బు పడితే చాలు, తలుపులు మూసుకుని కూర్చుంటాను. ఆరేళ్లుగా ఇదే బరువు. ఊరంతా వాన కోసం మొక్కుకుంటుంటే, నేనొక్కణ్ణే వద్దని మొక్కుకుంటాను. ఎవరితో చెప్పను? మీతో చెబుతున్నాను.

ఒక చిన్న పట్టణంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను, అదీ కాంట్రాక్టు కొలువు. చర్చి వెనక వీధిలో వాన తోట వేశాం. పల్లంలో గుంత తవ్వి మెట్టతామరలు నాటితే, రోడ్డు మీది నీరు అందులోకి దిగి భూమిలో ఇంకాలి. అందుకు నల్లరేగడి తీసేసి ఇసుక, కంకర నింపాలి. మే నెల ఎండలో ఇంజనీరుగారు గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయించారు. ఇట్టే ఇంకిపోయాయి. "ఇసుకెందుకయ్యా, నేలే తాగేస్తుంటే!" అని మురిసిపోయారు. ఆయనది ఇసుక నేలల ఊరు.

నాది కాదు. సత్తెనపల్లి దగ్గర పత్తి చేలల్లో పెరిగినవాణ్ణి. ఎండాకాలం రేగడి నెర్రెలు విచ్చి ఎన్ని నీళ్లయినా మింగుతుందనీ, వానలకు ఉబ్బి ఆ నెర్రెలు మూసుకున్నాక చుక్క కూడా దిగదనీ నాకు తెలియదా? తెలుసు. కానీ ప్రారంభోత్సవం దగ్గర పడింది, పని ఆగితే నా కొలువు పోతుందని భయం. ఛీ, ఏం బతుకు! "బాగా ఇంకుతోంది, ఇసుక అక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టాను.

గుంతకి ఎదురింటి మరియమ్మ వచ్చింది. మిరపకోతలకు పోయే మనిషి. మట్టిగోడల ఇల్లు, మంచం దిగలేని భర్త.

"బాబూ, ఈ గుంట నిజంగా నీళ్లు తాగుద్దా? మా ఇంటిముందు కాలవ పూడ్చేస్తన్నారంట."

"తాగుద్ది మామ్మా. నాది పూచీ."

ఆ వారమే కాలువ పూడ్చేశారు. ముసురు పట్టిన మూడో రోజు గుంత నిండి పొర్లింది. నీళ్లు పోయే దారి లేదు. గోడ నాని ఆ మంచం మీద కూలింది. మరియమ్మ బతికింది. ఆయన బతకలేదు.

సమాధుల తోటలో అందరూ వానని తిట్టారు. నేనూ తిట్టాను. "ఇదెవరి పాపమో" అని ఎవరో అనగానే మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

ఈ మధ్య ఇంకో భయం పట్టుకుంది. మరియమ్మ జీవితమంతా ఆ రేగట్లోనే కదా పనిచేసింది? నెర్రెల సంగతి నాకంటే ఆమెకే బాగా తెలిసుండాలి. మరి ఎందుకడిగింది? చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అని, తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మిందా? ఇప్పటికీ బజార్లో ఎదురుపడితే "బాగున్నావా బాబూ" అంటుంది. నేను పక్క సందులోకి తప్పుకుంటాను.

ఆమెతో చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. ఆమె మొగుణ్ణి వాన చంపలేదు. నేను చంపాను. రాసేశాను. ఇన్నాళ్లకి ఊపిరి ఆడుతోంది.