మట్టి అంటని చేతులు

ఏథెన్స్ కుమ్మరివాడలో కిత్తోస్ చేసిన నూనె జాడీలకు మంచి పేరుండేది. బతుకంతా కుమ్మరి సారె తిప్పినవాడు, కొడుకు నికోన్‌ను మాత్రం దాని దరిదాపులకు రానివ్వలేదు. "నీ చేతులకు మట్టి అంటకూడదురా" అనేవాడు. సిసిలీ నుంచి వచ్చిన వాదనల పంతులు దగ్గర చేర్చాడు. ఏ మాటనైనా రెండు వైపుల నుంచీ గెలిపించడం ఆ పంతులు నేర్పే విద్య. నిజమంటూ విడిగా ఏదీ లేదనీ, ఎవడికి ఏది తోస్తే వాడికదే నిజమనీ నికోన్ ఇంటికొచ్చి చెబుతుంటే కిత్తోస్ మురిసిపోయేవాడు. అర్థం కాకపోయినా ఇరుగుపొరుగును పిలిచి మళ్లీ చెప్పించేవాడు.

వేళ్లు కొంకర్లు పోయి కుండలు కాల్చే ఆవం చల్లారాక, పెళ్లి చేసుకుని వేరుపడిన కొడుకును తిండి పెట్టమని అడిగాడు. నికోన్ కుదరదన్నాడు. ముసలి తండ్రిని కొడుకు పోషించాలని ఊరి చట్టం. తగువు మధ్యవర్తి ముందుకు వెళ్లింది.

స్తంభాల సావడిలో జనం మూగారు. నికోన్ పైబట్ట సర్దుకుని లేచాడు.

"పెద్దలారా, ఆ చట్టంలోనే ఇంకో మాటుంది. కొడుక్కి పని నేర్పని తండ్రికి కొడుకు కూడు పెట్టక్కర్లేదు. మా నాన్న నాకు ఏ పని నేర్పాడు?"

"మాట్లాడ్డం నేర్పించాను కదరా!" కిత్తోస్ అరిచాడు.

"అదీ ఒక పనేనా నాన్నా? అయితే సంతలో చేపలమ్మే ఆవిడ నాకన్నా పెద్ద పనిమంతురాలు!"

జనం గొల్లుమన్నారు. కిత్తోస్ పెదాల మీదకీ నవ్వొచ్చేసింది. ఎంత బాగా అన్నాడు! మరుక్షణం తన నవ్వు మీద తనకే రోత పుట్టింది.

మధ్యవర్తి జాలిగా చూశాడు. "కిత్తోస్, ప్రమాణం చేసి చెప్పు. వాణ్ణి ఒక్కపూటైనా సారె ముందు కూర్చోబెట్టావా? అవునంటే చాలు."

పక్కనున్న, ప్రమిదలు చేసే సోసియాస్ మోచేత్తో పొడిచాడు. "అనేయ్ బావా. నీ నోరేం అరిగిపోదు. నేనూ చూశానంటాను."

కిత్తోస్ చుట్టూ చూశాడు. అందరూ ఆ పంతులు దగ్గర చదువుకున్నవాళ్లలాగే కనిపించారు.

"లేదయ్యా. ముట్టుకోనివ్వలేదు."

తీర్పు నికోన్ పక్షాన వచ్చింది.

బయట మెట్ల దగ్గర నికోన్ వచ్చి తండ్రి భుజం మీద చెయ్యేశాడు. వాడి మొహంలో పగ లేదు, సిగ్గూ లేదు. పందెం గెలిచిన సంబరమే ఉంది.

"నిజానికి నీ వాదనే తేలిక నాన్నా. నీ తరఫున నన్ను మాట్లాడమనుంటే ఇంకా తొందరగా గెలిపించేవాణ్ణి. ఆకలేస్తోందా? చట్టం లేకపోతేనేం, నాకు దయ లేదా?"

సంచిలోంచి బార్లీ రొట్టె తీసిచ్చాడు. వెంటనున్న స్నేహితులు భేష్ అన్నారు.

కిత్తోస్ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. రొట్టె తీసుకుని, వాళ్లు చూస్తుండగానే తిన్నాడు.  ముక్క మిగల్చలేదు.

"రేపూ ఇదే వేళకి రా" అన్నాడు నికోన్.

కిత్తోస్ తలూపాడు.