సాలెం పేరు మధ్యలో మాట

"నీ పెళ్ళికి డోలు వాయించింది ఎవరనుకున్నావు లల్లా? నేనే. మీ అమ్మ పెళ్ళికి మా నాన్న. మీ నాయనమ్మ పెళ్ళికి మా తాత. మీ ఇంట్లో శుభకార్యమంటే మా చేతులు వాచిపోవాల్సిందే. కానీ నిఖానామా చదివేటప్పుడు డోలు ఆపాలి కదా? అదుగో, ఆ కాసేపే నాకు పడదు. మా పెద్దదాని పెళ్ళిలో ఏమైందో విన్నావుగా?"

"నేను రాలేదు బాబాయ్."

"రాకపోవడమే మంచిదైంది. మైకు కొత్తది. 'వధువు తండ్రి సాలెం అతీగ్ తమ్లాలీ' అని అటు చేపల రేవు దాకా వినపడింది. పెళ్ళికొడుకు మేనమామ గొంతులో ఖర్జూరం అడ్డం పడింది. మా అదృష్టం, గింజ తీసిన ఖర్జూరం."

సాలెం లల్లా, అంటే అమ్మగారూ, అని పిలిచే మన్నూబియాకు నవ్వు రాలేదు. సాలెం మాత్రం తన మాటకు తనే పగలబడి నవ్వి, ఒడిలో ఉన్న మట్టికుండ మెడకు తాడు బిగించాడు. ఆ కుండలే ఆయన బతుకు. పొడవాటి తాడుకు వరసగా కట్టి సముద్రం అడుగున వదిలితే, ఇల్లు దొరికిందనుకుని ఆక్టోపస్ వచ్చి అందులో కాపురం పెడుతుంది. జెర్బా దీవిలో ఈ ఒడ్డున ఆ పని చేసేవాళ్ళలో ఆయన కంటే పెద్దవాడు ఇప్పుడు లేడు. సముద్రం బాగుంటే పడవ, పెళ్ళిళ్ళ కాలంలో డోలు. ఆ రెంటి మీదే ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. ఉన్న ఒక్క కొడుకునూ మట్టిలో కలిపి, వాడి కూతురు హనీన్‌ను పెంచాడు. ఆ పిల్ల నిఖా శుక్రవారం. కోర్టు వాయిదా రేపు, గురువారం.

అతీగ్ అంటే విడిచిపెట్టిన బానిస. అతీగ్ తమ్లాలీ అంటే తమ్లాలీలు విడిచిపెట్టినవాడు. బానిసత్వం ఏనాడో పోయింది. అతీగ్ అన్న మాట మాత్రం పుట్టిన ప్రతి బిడ్డ జనన పత్రంలోకీ ఆస్తిలా దిగుతూ వచ్చింది. సాలెం ముసలితనంలో కోర్టుకెక్కింది ఆ మాటొక్కటీ తీయించి, ఉత్త సాలెం తమ్లాలీగా మిగలడానికే. శుక్రవారం హనీన్ పేరు చదివేటప్పుడు ఆ మాట వినపడకూడదు. జడ్జి ఒప్పుకునేలాగే ఉన్నాడు కానీ, తమ్లాలీల పెద్ద హాజీ యూనిస్ అభ్యంతరం పెట్టాడు. ఆయన మన్నూబియాకు తోడబుట్టిన అన్న.

"ఇంతకీ ఏదో దొరికిందన్నావు," అన్నాడు సాలెం. అన్నాడే కానీ తల ఎత్తలేదు. తాడు ముడి మీదే ఉంది చూపు.

మన్నూబియా గొంతు సవరించుకుంది. పాత రాతలు చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తల్లి మగ్గం మీద ఉన్ని దుప్పట్లు నేస్తుంటే పక్కన కూర్చుని, తాతలనాటి అల్మారాలోని చేతిరాత పుస్తకాలు ఒక్కొక్కటే తీసి కూడబలుక్కుంటూ తనే నేర్చుకుంది. ఆ తర్వాత తమ్లాలీ అన్న ఇంటిపేరు ఎక్కడ కనపడినా ఆగిపోవడం ఒక జబ్బుగా పట్టుకుంది. రాజధానిలోని పాత దస్తావేజుల ఆఫీసుకు వెళ్ళి పన్నుల చిట్టాలు తిరగేసింది. స్ఫాక్స్‌ పట్నంలో ఒక రొట్టెల బట్టీ ఆయన తమ్లాలీ అని తెలిసి వెతుక్కుంటూ వెళ్తే, ఆయన తాత ఎవరి దగ్గరో పనిచేస్తూ యజమాని పేరు తగిలించుకున్నాడట, అంతే. రాజధానిలో పళ్ళ డాక్టరొకాయనకు ఫోన్ చేసి "మనం ఒకే ఇంటిపేరువాళ్ళం" అంటే, "ఇంతకీ మీరేం అమ్ముతారమ్మా?" అన్నాడు.

సాలెం ముత్తాత మసూద్ కోసం కూడా అదే దారిలో వెతికింది. తమ్లాలీల నిఖాలు, తమ్లాలీల పంపకాలు, తమ్లాలీల సాక్షి సంతకాలు. చలికాలమంతా వెతికినా మసూద్ ఎక్కడా లేడు. యజమాని పేరు కింద తప్ప అతను మరోచోట ఉండగలడని ఆమెకు తోచలేదు. తమ్లాలీల ఆడపడుచు కదా, ఎలా తోస్తుంది?

"పాత మసీదులో షేక్‌గారు పుస్తకం చదివి పాఠం చెప్పేవారు కదా బాబాయ్. మొత్తం విన్నవాళ్ళ పేర్లు చివరి పేజీలో రాసేవారు. ఫలానావాడు నా దగ్గర విన్నాడు, ఇంకొకరికి చెప్పొచ్చు అని. మొన్న మా అల్మారాలో అలాంటి పేజీ ఒకటి చదివాను. తమ్లాలీ అన్న పేరు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చిన పేజీ." ఆమె కాగితం తీయలేదు, నోటికే వచ్చు. "'మసూద్, దావూద్ కొడుకు, కానెం దేశపువాడు. ఈ మసీదు బావి తవ్వినవాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు.' మసూద్ కానిమీ అని రాశారు. అతీగ్ లేదు. తమ్లాలీ కూడా లేదు."

సాలెం చేతిలో తాడు ఆగిపోయింది.

"రాయి పడి వేళ్ళు పోయాయని మా తాత చెప్పేవాడు," అన్నాడు. "చదువుకునేవాడా?"

"విన్నాడు. మొదటి నుంచి చివరి దాకా."

"ఎక్కడ కూర్చున్నాడు? లోపలా, చెప్పులు విడిచే చోటా?"

"అది రాయలేదు బాబాయ్."

"రాయరులే." ఆయన కుండను పక్కన పెట్టి, పొయ్యి మీద మరుగుతున్న టీ కేసి చూశాడు. "దావూద్. మాకూ ఒక దావూద్ ఉన్నాడన్నమాట... ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

ఆమె భయపడుతున్న ప్రశ్న అదే. "అన్నయ్యకి. అల్మారా తాళం పెద్దకొడుకు దగ్గరే ఉండాలిగా మా ఇంట్లో. ఏది తీసినా ఆయనకు చూపించి తీయాలి. చూశాక మనసు మారుతుందేమోనని..."

"మారిందా?"

జవాబు చెప్పే అవసరం లేకపోయింది. ఇసుక దారిలో కారు ఆగిన చప్పుడైంది. హాజీ యూనిస్ తెల్లటి ఉన్ని బుర్నూసు అంగీని భుజం మీదికి లాక్కుంటూ దిగాడు. సాలెం కంటే చిన్నవాడే. అయినా అలవాటు అలవాటే: యూనిస్ ఏరా అంటాడు, సాలెం సీదీ, అంటే అయ్యగారూ, అంటాడు.

"ఏరా సాలెం, సముద్రం ఎలా ఉంది?"

"గొప్పవాళ్ళలా ఉంది సీదీ. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట." సాలెం లేచి, ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు జరిపి, టీ పోసి ఇచ్చాడు.

"మీ ముత్తాత పేరు దొరికిందటగా. కానిమీ! ఏం తక్కువ పేరు? నేను మంచి మాట చెప్పడానికే వచ్చాను. రేపు జడ్జితో అను, నాకు తమ్లాలీ అక్కర్లేదు, మా సొంత పేరు కావాలి అని. మా వకీలు లేచి, అభ్యంతరం లేదంటాడు. సాయంత్రానికి కాగితం నీ చేతిలో ఉంటుంది. శుక్రవారం మైకులో కొత్త పేరు."

"ఒద్దంటే?"

"వాయిదా అడుగుతాం. ఎండలు ముదిరేదాకా సాగుతుంది. పిల్ల నిఖా ఆపుకుంటావా మరి?"

"అన్నయ్యా, ఇదేం న్యాయం?" అంది మన్నూబియా. "ఆ ఒక్క మాట తీసేస్తే నీకు పోయేదేంటి?"

"నువ్వుండవే. ఈ తేనెతుట్టె కదిపింది నువ్వే. ఆ మాట తీసేస్తే వీళ్ళకీ మనకీ తేడా ఏముంటుంది?"

"ఏముంటుంది?" అని ఆమె తిరిగి అడిగింది. ఆయన వినిపించుకోలేదు.

సాలెం ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు. గాలికి దండెం మీది ఎండు ఆక్టోపస్‌లు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఒక్క 'సరే'తో శుక్రవారం గట్టెక్కుతుంది. అంటాడనే మన్నూబియా అనుకుంది.

"సీదీ, ఒక సంగతి అడుగుతా. వకీలు లేస్తాడన్నారు. మీరు లేవరా?"

"నేనెందుకురా?"

"అభ్యంతరం మీది కదా మరి. ఆ మాట బడిలో మాస్టారన్నాడు. పటాలంలో సార్జెంటన్నాడు. మా ఇంట్లో నిఖా చదివిన ప్రతివాడూ అన్నాడు. మీరు మాత్రం ఒక్కనాడూ అనలేదు. మర్యాదస్తులు. ఇప్పుడు అనండి. ఇక్కడ మైకు కూడా లేదు. నా మొహం చూసి, సాలెం మా వాళ్ళు విడిచిపెట్టిన బానిస అనండి. అన్నారంటే మీ బేరం ఒప్పుకుని రేపే మీ పేరు వదిలేస్తా."

యూనిస్ టీ గ్లాసు వేళ్ళ మధ్య తిప్పాడు. పెదవులు విడివడ్డాయి. చెల్లెలి వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. సాలెం మొహం వైపు మాత్రం చూడలేకపోయాడు.

"పిచ్చి మాటలు," అన్నాడు చివరికి. "మీ నాన్న ఉంటే నిన్నిలా మాట్లాడనిచ్చేవాడా?"

"మా నాన్న ఉంటే డోలు వాయిస్తూ ఉండేవాడు సీదీ. ఈ గోల వినపడేదే కాదు."

యూనిస్ గ్లాసు ఇసుకలో పెట్టేసి లేచాడు. "సరే. కోర్టులోనే చూసుకుందాం." కారు తలుపు గట్టిగా పడింది.

కారు మలుపు తిరిగింది. మన్నూబియా ఇసుకలోని గ్లాసు తీసింది. "ఒప్పుకోవాల్సింది బాబాయ్. అది నీ అసలు పేరు కదా! హనీన్ పెళ్ళి..."

"అసలు పేరా? కానెం ఏ దిక్కునుందో కూడా తెలీదు నాకు. వెళ్ళి తలుపు తడితే తీసేదెవరు? నా కొడుకుని ఈ పేరుతో పాతిపెట్టాను. మీ బావులు తవ్వాం, మీ ఆలివ్ చెట్లు దులిపాం, మీ ఉయ్యాలలూపాం. ఈ ఇంటిపేరు మీరు మాకు పెట్టిన ధర్మం కాదు లల్లా. మోసి మోసి మాది చేసుకున్నాం. లేచి పొమ్మంటే పోవడానికి నేను ఇందులో అద్దెకున్నానా?" ఆయన గొంతు తగ్గించాడు. "దావూద్ కొడుకు మసూద్. చెప్పావు, చాలు. రాత్రి హనీన్‌కి చెబుతా. అది మా ఇంట్లో చెప్పుకునేందుకు. బేరానికి పెట్టేందుకు కాదు."

"మరి రేపు?"

సాలెం ఆమె వైపు తిరిగాడు. ఆ చూపుతోనే ఆమెకు సగం అర్థమైంది.

"పెళ్ళయినా నువ్వు తమ్లాలీవే కదా? తమ్లాలీల్లో ఒకాయన అభ్యంతరం చెబితే, ఇంకొకరు లేదని చెప్పొచ్చు. ఆ పుస్తకం కాగితాలేవీ తేవద్దు. నువ్వు రా. జడ్జి ముందు లేచి, సాలెం తమ్లాలీ మా వాడు, మధ్యలో ఆ మాట మాకొద్దు అను. చాలు."

"అన్నయ్య మళ్ళీ నాతో మాట్లాడడు బాబాయ్. ఆ అల్మారా నాకిక తెరవడు."

"తెరవకపోవచ్చు." ఆయన దాచలేదు. ఆమె శాలువా మీది ఇసుక దులిపి చేతికిచ్చాడు. "అందుకే ఇప్పుడే బయలుదేరు. తిన్నగా మీ అన్న ఇంటికి వెళ్ళు. రేపు లేచి నిలబడతానని ఆయన భోజనానికి కూర్చోకముందే నీ నోటితో నువ్వే చెప్పు. నలుగురిలో మొదటిసారి వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయనకా గతి పట్టనివ్వకు, వెళ్ళు."